నీ ప్రింటర్ సచ్చింది

మొన్న మా ఆఫీసులో ప్రింటర్ ఆగిపోయింది. నలుగురం దాని చుట్టూ నిలబడ్డాం. చిన్న తెర మీద ‘కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి’ అని వచ్చింది. నా పక్కనున్న అబ్బాయి ఆ మాటను బుద్ధిగా చదువుకుని, సరేనని కాఫీకి బయల్దేరాడు. నాకు ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. అరచేత్తో ప్రింటర్ మూపు మీద ఒక్కటి చరిచాను. అందరూ నావైపు తిరిగి చూశారు. మెత్తటి మనిషినని అక్కడ నాకు పేరు.

అట్లా చరచడం మా అత్త దగ్గర నేర్చుకున్నాను. ఆమె పోయి నెల దాటింది. ఏడుపు రావలసిన చోటల్లా నాకు కోపమే వస్తోంది. ఏం చెయ్యను, ఆమెకూ అంతే వచ్చేది.

అత్త అంటే మా నాన్నకు అక్క, పెదనాన్నకు చెల్లెలు. కార్వాన్‌లో మాది ఇరుకైన మూడంతస్తుల ఇల్లు. కింద పెదనాన్న కాపురం, దాని ముందు గదిలో ఆయన వ్యాపారం. లాడ్ బజార్‌లో ఆయనకు గాజుల దుకాణం ఉంది. బయటి ఊళ్ళ వ్యాపారులు మాత్రం ఇంటికే వచ్చి సరుకు చెప్పి పోతారు. మధ్య అంతస్తులో అమ్మ, నేను. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. పైన డాబా మీద ఒక్క గదిలో అత్త. ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టుగా చేరి, అందులోనే రిటైరైంది. పెళ్ళెందుకు చేసుకోలేదని చుట్టాలు ఎవరైనా అడిగితే ఆమె దగ్గర ఒకటే జవాబు.

“అడిగినోళ్ళు నచ్చలే, నచ్చినోడు అడగలే. ఖతం. చాయ్ తాగుతవా?”

పొట్టి మనిషి. కళ్ళద్దాలకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేది. కోపం వచ్చే ముందు కొంగును గట్టిగా లాగి నడుముకు దోపుకునేది. అది చూస్తే మాకు అర్థమైపోయేది. అమ్మ అయితే పొయ్యి మీద పాలు దించేసి మరీ పక్కకు జరిగేది.

ఆ కోపానికి ఒక పద్ధతి ఉండేది. కూరగాయల బండివాడి మీద, పనిమనిషి మీద ఒక్కనాడూ గొంతు లేపగా నేను వినలేదు. గల్లీలో పిల్లలు ఆమె కిటికీ అద్దం పగలగొట్టినా ఏమీ అనలేదు. కౌంటర్ అవతల కూర్చున్నవాళ్ళంటేనే ఆమెకు మంట. ‘రేపు రా’ అనే మాటంటే మరీ మంట. నౌకరీ చేసినన్నాళ్ళూ తన చుట్టూ ఉన్నవాళ్ళు ఆ మాట అంటుంటే విన్నదట. “ముసలోళ్ళను, కడుపుతోని ఉన్నోళ్ళను, ఎండల వచ్చినోళ్ళను, అందర్నీ గదే మాట. పని లేక కాదు, లేచి బీరువా తియ్యాలంటే బద్ధకం” అనేది.

కోపం ముదిరితే ఉర్దూలోకి వెళ్ళేది. ఉర్దూలో ఆమెకు మర్యాద ఇంకా పెరిగేది. ఒకసారి ఇంటర్నెట్ ఆగిపోయి, బాగుచేసే అతను రోజూ ‘కల్ ఆతూఁ అమ్మా’ అంటూ వాయిదా వేశాడు. చివరికి ఒకరోజు ముఖం చూపించి వెళ్దామని వచ్చాడు. అత్త కొంగు దోపుకుని ఎదురెళ్ళింది. “ఆప్ తష్రీఫ్ రఖియే. కనెక్షన్ ఠీక్ హోనే తక్ ఆప్ హమారే మెహమాన్ హై” అని కుర్చీ వేసింది. కనెక్షన్ బాగయ్యేదాకా నువ్వు మా అతిథివి అని. చాయ్ మీద చాయ్ ఇచ్చింది. ప్రతి చాయ్‌కీ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది. పాపం, అతను మూడో కప్పు సగంలోనే నిచ్చెన తెచ్చుకున్నాడు.

ఇక ప్రింటర్ సంగతి. రిటైరయ్యాక అత్త కొనుక్కున్న మొదటి వస్తువు అదే. పైన గదిలో చోటు లేదని, తన బిల్లులకు కూడా పనికొస్తుందని పెదనాన్న దాన్ని కిందే పెట్టించాడు. వైరు ఆయన కంప్యూటర్‌కు తగిలించారు. పై నుంచి అత్త కూడా వాడుకునేట్టు ఇంటి వైఫై మీద నేను కలిపాను. అత్త పైన మీట నొక్కితే కింద పెదనాన్న మోచేతి పక్కన కాయితం వస్తుంది. అంతా బాగానే ఉంది గానీ పెదనాన్న కంప్యూటర్ ఆన్‌లో ఉంటేనే ఆమెకు ప్రింట్ వస్తుంది. దాంతో వారం తిరగకుండా నాకు ఆఫీసుకు ఫోను వచ్చేది.

“ఏమే, నీ ప్రింటర్ సచ్చింది.”

పనిచేసే రోజు అది ఆమె ప్రింటర్. చచ్చిన రోజు నాది.

“ఏమంటుంది అత్తా?”

“ఆఫ్‌లైన్ అట! కింద లైట్ వెలుగుతుంది, నా కండ్లతోని చూసొచ్చిన. నా మొకం మీదనే అబద్ధం చెప్తుంది.”

“పెదనాన్న కంప్యూటర్ ఆన్‌ల ఉన్నదా?”

“గాయన బువ్వకు పోయిండు. పోతే బంద్ చేసి పోతడు. కరెంటు ఫికర్.”

“మరి గందుకే రాదు.”

“ప్రింటర్ నాది, కాయిదం నాది, చేసే పని నాది. గాయన బువ్వ తిని, ఒక కునుకు తీసి లేస్తేనే నాకు ప్రింట్ వస్తదా?”

“అంతే అత్తా.”

“గిట్ల ఎవలు పెట్టిండ్రు?”

“నేనే పెట్టిన.”

“సిగ్గులేదు” అని ఫోను పెట్టేసేది.

కొన్నిసార్లు రూటర్ మొరాయించేది. కొన్నిసార్లు ఎప్పటిదో పాత పని వరసలో ఇరుక్కుని వెనకవాటిని ఆపేసేది. ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే పని నాది, అక్కడ అందరికీ చెప్పేదే ఆమెకూ చెప్పేదాన్ని. అన్నీ ఆపి, కాసేపాగి, మళ్ళీ పెట్టు అని. “గిది చెప్పనీకే ఇంజనీరింగ్ చదివినవా?” అని అడిగేది. అడుగుతూనే కిందికి దిగి ఆపేది. ప్రింటర్ మూపు మీద అరచేత్తో ఒకటి చరిచి మళ్ళీ పెట్టేది. ప్రింట్ వస్తే చరచడం వల్లే వచ్చిందని ఆమె నమ్మకం.

ఆమె చేసే పనేమిటంటే, గల్లీలో వాళ్ళకు అర్జీలు టైపు చేసిపెట్టడం. రేషన్ కార్డు, వితంతు పించను, ఆధార్‌లో తప్పు పడిన పేరు, స్కూలు టీసీ. పొద్దున పది దాటితే మా మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలయ్యేది. బురఖాల వాళ్ళూ, బొట్ల వాళ్ళూ ఒకే మెట్ల మీద వరసగా కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. పెదనాన్నకు ఇది నచ్చేది కాదు. వ్యాపారులు వచ్చే దారిలో గుంపు ఏంది అని అమ్మతో గొణిగేవాడు. అత్తతో అనేంత ధైర్యం చాలేది కాదు.

అర్జీల్లో ఆమె ఒక మాట రానిచ్చేది కాదు. ఒకసారి మా వెనక గల్లీలో ఉండే ముసలాయన డ్రైనేజీ పొంగుతోందని అర్జీ రాయించుకోవడానికి వచ్చాడు. చేత్తో ముందే ఒకటి రాసి తెచ్చాడు. అత్త చదివి కళ్ళద్దాలు తీసింది.

“ఏంది భాయ్ గిది? తమ దయగల పాదాలకు... తమ కరుణాకటాక్షం... డ్రైనేజీ అడుగుతున్నవా, వరం అడుగుతున్నవా?”

“అర్జీ మే తో ఐసాచ్ లిఖ్తే అమ్మా” అన్నాడు ఆయన భయంగా. అర్జీ అంటే అట్లాగే కదా రాసేది అని.

“నువ్వు పన్ను కడ్తున్నవా లేదా?”

“కడ్తున్న.”

“మరి దయ ఎందుకు? పని అడుగు.”

దయలన్నీ కొట్టేసింది. మిగిలినవి నాలుగు ముక్కలు. ‘మా గల్లీలో డ్రైనేజీ పొంగుతోంది. పిల్లలు అందులోంచే స్కూలుకు వెళ్తున్నారు. బాగుచేయడం మీ పని. ఎప్పుడు చేస్తారో రాతపూర్వకంగా చెప్పండి.’ ముసలాయన ఆ కాయితాన్ని పట్టుకుని చాలాసేపు చూశాడు. దాని మీద సంతకం పెట్టడానికి ఆయన చెయ్యి ఆడలేదు. అత్త పక్కన నిలబడి పెట్టించింది.

రేష్మా వచ్చిన రోజు నేను ఇంటి నుంచే పనిచేస్తున్నాను. అత్తకు ఉప్మా ఇచ్చివద్దామని పైకి వెళ్ళాను. తలుపును ఎవరో భుజంతో తోసుకుని లోపలికి వచ్చారు. రెండు చేతులకూ మణికట్టు దాకా కట్లున్నాయి. రేష్మా. అమ్మ వయసు మనిషి. ఆమె లక్క గాజుల కార్ఖానాలో పనిచేస్తుందని నాకు తెలుసు. గల్లీలో చూస్తూనే ఉంటాను.

కూర్చోబెట్టి నీళ్ళు తాగించాక చెప్పింది. కార్ఖానా లాడ్ బజార్ వెనక గల్లీలో, మేడ మీద ఒక గది. బొగ్గుల కుంపట్ల మీద లక్క కరిగించి గాజులు చేస్తారు. ఆడవాళ్ళంతా లోపలికి వెళ్ళాక బయట తాళం వేస్తారు. మధ్యలో లేచి తిరిగితే పని సాగదని. ఒకరోజు కుంపటి పక్కనున్న రంగు డబ్బా అంటుకుంది. గదంతా పొగ కమ్మింది. లోపలి వాళ్ళు తలుపు బాదారు, అరిచారు. తాళంచెవి ఉన్నవాడు చాయ్‌కి పోయాడు. అందరూ కిటికీ దగ్గర ఊపిరి కోసం ఒకరి మీద ఒకరు పడుతుంటే రేష్మా ఆ మండే డబ్బాను రెండు చేతులతో ఎత్తి, మూలనున్న నీళ్ళ తొట్టిలో ముంచింది.

అత్త మధ్యలో ఆపకుండా అంతా వింది. చివర్లో మాత్రం అడిగింది. “ఇప్పుడు తాళం ఏస్తలేరు గద?”

“ఆజ్ భీ డాలే అమ్మా.” ఈరోజు కూడా వేశారు అంది.

“నీకేం గావాలె? దవాఖాన ఖర్చులు రాయాల్నా?”

రేష్మా తల అడ్డంగా ఊపింది. “ముఝే కుచ్ నక్కో. మేరీ బేటీ అభీ అందర్ హై.” నాకేం వద్దు. నా బిడ్డ ఇప్పుడు ఆ లోపల ఉంది.

తల్లి చేతులు కాలి పనికి పోలేదని, ఆ స్థానంలో బిడ్డను కూర్చోబెట్టారు. అదే గది, అదే తాళం.

ఆ కార్ఖానాలో సగం పెదనాన్నది. మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడుకోం. అత్తకూ తెలుసు. ఆమె నావైపు చూడకుండా కంప్యూటర్ ముందుకు జరిగి టైపు చేయడం మొదలుపెట్టింది. ఒక్క పేజీ. లోపల మనుషులుండగా బయట తాళం వెయ్యకూడదు, వెంటనే వచ్చి చూడండి అని కార్మిక శాఖకు ఫిర్యాదు. మీట నొక్కి, కాయితం తెచ్చుకోవడానికి కిందికి వెళ్ళింది.

వట్టి చేతులతో తిరిగి వచ్చింది. “రాలేదంటుండు అన్న. ఖరాబైందట. పొద్దుగాల మంచిగనే ఉండె.” రేష్మాకు చాయ్ పెట్టి, కప్పు తనే పట్టుకుని తాగించి, కాసేపాగి మళ్ళీ మీట నొక్కింది. ఈసారి తెర మీద ఇంకో మాట వచ్చింది. ఈ ప్రింటర్ వాడటానికి మీకు అనుమతి లేదు.

“ఏమంటుంది గిది?” అంది అత్త, ఆ వాక్యం మీద వేలు పెట్టి. “నాకు అనుమతి లేదా?”

నేను కిందికి వెళ్ళాను. పెదనాన్న ముందు ఇద్దరు వ్యాపారులు కూర్చున్నారు. గుమాస్తా కంప్యూటర్ దగ్గర ఉన్నాడు. “ప్రింటర్ ఖరాబైంది బిడ్డా” అన్నాడు పెదనాన్న నన్ను చూడగానే. ఆయన ఆ మాట అంటుండగానే ప్రింటర్ గురగురమని, వ్యాపారి బిల్లు బయటికి వచ్చింది. గుమాస్తా దాన్ని తీసుకుని నా ముఖం చూడకుండా ఆయన చేతికిచ్చాడు.

ఒకసారి చూస్తానని కంప్యూటర్ ముందు వంగాను. ప్రింటర్ వాడుకోవచ్చని నేను కలిపిన పేర్లున్న చోటు తెరిచాను. పెదనాన్న పేరు ఉంది, గుమాస్తా పేరు ఉంది, నా పేరూ ఉంది. అత్త పేరు తీసేశారు. బల్ల కింద చెత్తబుట్టలో చించిన కాయితం ముక్కలున్నాయి. ఒక ముక్క మీద ‘తాళం’ అన్న మాట పైకి కనిపిస్తోంది. కాయితం రాకపోవడమేమిటి, వచ్చింది. ఆయన మోచేతి పక్కకే వచ్చింది. చదివాడు, చించాడు.

ఆ క్షణం నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. వైరు తెగితే అతికిస్తాను. రూటర్ చస్తే మారుస్తాను. ఇన్నేళ్ళూ ఆ ప్రింటర్‌కు నేను చేసిన వైద్యమంతా యంత్రానికి చేసిన వైద్యం. ఇది యంత్రానికి వచ్చిన రోగం కాదు.

పైకి వెళ్ళి చెప్పాను. “అత్తా, ప్రింటర్‌కు ఏం కాలే. నీ పేరు తీసేసిండ్రు.”

ఆమె తెర మీది ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివింది.

“నా పేరు ఉన్నది. నా దాంట్లకెల్లి ఇస్త” అన్నాను. “లేకపోతే గల్లీ మొగల జిరాక్స్ దుకాణానికి పోత.”

“నువ్వు ఆగు” అంది. కొంగు లాగి నడుముకు దోపుకుంది. “నా ఇంట్ల, నా ప్రింటర్ల, నా పేరు మీదనే రావాలె.”

ముగ్గురం దిగాం. వ్యాపారులు ఇంకా అక్కడే ఉన్నారు. అత్త వాళ్ళను పట్టించుకోలేదు.

“అన్నా, ప్రింటర్ ఎవలది?”

“ఇంట్ల అందరిది” అన్నాడు పెదనాన్న.

“మరి నా పేరెందుకు తీసినవ్?”

“తర్వాత మాట్లాడుదాం. పార్టీలు ఉన్నరు.”

“ఉండనీ. వాళ్ళు గూడ గాజులే గద కొనేది. యాడ చేస్తరో వింటరు.”

పెదనాన్న ముఖం నల్లబడింది. గొంతు తగ్గించాడు. “చెల్లే, నా ఇంట్ల కూసొని నా మీదనే అర్జీ రాస్తవా? ఒక్క తాళం ముచ్చట. గింత లొల్లి ఎందుకు? నేను చెప్పి తీపిస్త.”

“ఎప్పుడు?”

“రేపు చూస్త.”

వ్యాపారుల్లో ఒకతను లేచి చెప్పులేసుకున్నాడు. ఏం జరగబోతోందో అతనికి ఎట్లా తెలిసిందో నాకు తెలియదు.

“రేపా?” అంది అత్త. “ఈమె బిడ్డ ఇప్పుడు లోపలున్నది. ఇప్పుడు! నీ మనుమరాలిని గా అర్రల పెట్టి తాళమేసి, గప్పుడు నాకు చెప్పు రేపు అని. నా పేరు మల్ల పెట్టు.”

నేను మౌస్ వైపు చెయ్యి చాచాను. పెదనాన్న దాని మీద తన చెయ్యి వేశాడు. “కంప్యూటర్ నాది” అన్నాడు.

“కంప్యూటర్ నీదే. ఉంచుకో” అంది అత్త. ప్రింటర్ వెనక్కి చెయ్యి పెట్టి వైరు లాగేసింది. కరెంటు వైరు కూడా లాగింది. ఆ బరువైన యంత్రాన్ని రెండు చేతులతో ఎత్తి పొట్టకు ఆనించుకుంది. నేను అందుకోబోతే కసిరింది. “కాయిదాలు పట్టుకో నువ్వు.” రేష్మా ముందు నడుస్తూ, అడ్డం వచ్చిన తలుపునల్లా భుజంతో తోసి పట్టుకుంది.

మధ్య అంతస్తు దగ్గర అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. “వదినా, ఇంటి పరువు...” అంటూ ఏదో చెప్పబోయింది.

“పరువు కంటె గిది బరువున్నది. పక్కకు జరుగు” అంది అత్త రొప్పుతూ.

పైన ప్రింటర్‌ను మంచం మీద పెట్టాం. వైరు నేరుగా ఆమె కంప్యూటర్‌కు తగిలించాను. అది ప్రింటర్‌ను గుర్తుపట్టాలంటే ఇంటర్నెట్ కావాలి. ఈలోపు కింద రూటర్ కట్టేశారు. నా ఫోన్ నుంచి నెట్ ఇచ్చాను. అది ఎక్కుతుంటే అత్త గదిలో అటూ ఇటూ తిరిగింది. తర్వాత కూర్చుని అర్జీలో ఒక వాక్యం చేర్చింది. యజమానుల్లో ఒకరు తన సొంత అన్న అని, ఆయన పేరుతో సహా.

రేష్మా కంగారుపడింది. “భాయ్ కా నామ్ నక్కో అమ్మా. ఘర్ మే లొల్లి హోతీ.”

“లొల్లి తో హో గయీ బేటీ” అంది అత్త. లొల్లి ఎట్లాగూ అయ్యింది కదా అని.

సంతకం దగ్గర ఆగిపోయాం. రేష్మాకు వేలిముద్ర వెయ్యడానికి కూడా వేళ్ళు బయట లేవు. అత్త ఆ కట్ల వైపు చూసింది. సంతకం ఉండాల్సిన చోట టైపు చేసింది: ‘సంతకం చేయవలసిన చేతులు కాలినవి.’ దాని కింద తన పేరు, మా ఇంటి చిరునామా. ప్రింట్ వచ్చింది. ఆ ఒక్కసారే, ప్రింటర్‌ను చరచకుండా, ఏమీ అనకుండా కాయితం తీసుకుంది.

ముందు కార్ఖానాకు వెళ్ళాం. తాళంచెవి మనిషి మెట్ల కింద కూర్చుని ఉన్నాడు. సేఠ్‌ను అడగాలన్నాడు. అత్త వాదించలేదు. గల్లీ మధ్య నిలబడి, ఆ అర్జీని మొదటినుంచి చివరిదాకా ఉర్దూలో చెప్పుకుంటూ గట్టిగా చదవడం మొదలుపెట్టింది. దుకాణాల వాళ్ళు బయటికి వచ్చారు. గాజులు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆగారు. ఎవరో పెద్దాయన “తాలా ఖోలో మియా, క్యా తమాషా హై” అని, తాళం తియ్యమని అరిచాడు. అత్త తన అన్న పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు ఇంకా పెంచింది. తాళంచెవి మనిషి లేచి పైకి వెళ్ళి తాళం తీశాడు. లోపలి నుంచి వచ్చిన వేడి గాలి మెట్ల మీద నిలబడ్డ నాకు ముఖానికి కొట్టింది. రేష్మా కూతురు దాదాపు చివర్న బయటికి వచ్చింది. తల్లి ఆమెను చేతులతో పట్టుకోలేక, నుదురు తెచ్చి ఆమె భుజానికి ఆనించింది.

అటునుంచి కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళాం. అక్కడ గుమాస్తా ఏమన్నాడో చెప్పనక్కర్లేదు. అత్త బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. ముద్ర పడేదాకా లేవలేదు.

తర్వాత ఎవరో అధికారి వచ్చి చూసిపోయాడు. తలుపుకు బయటి గొళ్ళెం పీకేయించారు. అంతే. ఎవరికీ ఏ శిక్షా పడలేదు. రేష్మా చేతులు మానాయి గానీ కుడిచేతి వేళ్ళు మూసుకోవు. గాజుల పని ఇక చెయ్యలేదు. అఫ్జల్‌గంజ్‌లో ఒక బట్టల కొట్లో తానులు మడతపెట్టే పనికి కుదిరింది. కూతురు మళ్ళీ కాలేజీకి పోతోంది. పెదనాన్న అత్తతో మాటలు మానేశాడు. ఎదురుపడితే గోడవైపు తిరిగేవాడు. అత్త వేరే ఇంటర్నెట్ పెట్టించుకుంది. ప్రింటర్ మంచం పక్కనే ఉండిపోయింది, ఆమె ఒక పక్కకు ముడుచుకుని పడుకునేది. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఇంకా ఎక్కువైంది.

నెల దాటింది, ఒక పొద్దున గుండెల్లో నొప్పి అంది. దవాఖానకు తీసుకెళ్ళాం. స్ట్రెచర్ మీద ఉంది. చేర్చుకునే కౌంటర్ దగ్గర సర్వర్ డౌన్ ఉందని, కాసేపు ఆగమన్నారు. నేను బతిమాలుతున్నాను. వెనక నుంచి అత్త తల ఎత్తింది.

“డౌన్ అయితే చేత్తోని రాయ్!” అని అరిచింది.

వాళ్ళు చేత్తో రాసుకున్నారు. ఆమెను లోపలికి తోసుకెళ్ళారు. మళ్ళీ నాతో మాట్లాడలేదు.

దశదిన కర్మ నాడు పెదనాన్న పెద్ద హాలు తీసుకున్నాడు. ఫోటోకు పూలదండ, కుర్చీలు, మైకు. బజారులో పెద్దవాళ్ళందరినీ పిలిచాడు. గల్లీ ఆడవాళ్ళను ఎవరూ పిలవలేదు. వాళ్ళే వచ్చి వెనక వరసల్లో కూర్చున్నారు. పెదనాన్న మైకు తీసుకున్నాడు. కన్నీళ్ళు తుడుచుకున్నాడు. నిజం కన్నీళ్ళేనేమో, నాకు తెలియదు.

“మా చెల్లె శాంతమూర్తి” అన్నాడు. “ఒక్కనాడు ఎవర్నీ పల్లెత్తు మాట అనలే. ఈ ఇంట్ల ఆమె గొంతు విన్నోళ్ళు లేరు. అన్న మాటంటే ఆమెకు వేదం.”

లేచాను. నేను నోరు తెరిచేలోపే వెనక వరసలోంచి ఇంకొకరు లేచారు. రేష్మా. కుర్చీల మధ్య నుంచి ముందుకు నడిచి వచ్చింది. అందరికీ అర్థం కావాలని కాబోలు, తెలుగులో మాట్లాడింది.

“సేఠ్, తప్పు చెప్తున్నవ్. అమ్మ శాంతం కాదు. అమ్మకు మస్తు కోపం.” తెలుగు మాట వెతుక్కుంది. “ఆ కోపం మాకు చానా పనికొచ్చింది.”

వెనక వరసల్లో ఒకరి తర్వాత ఒకరు తలలు ఊపారు. మా డ్రైనేజీ ముసలాయన “హౌ, సహీ బాత్” అన్నాడు పైకే. పెదనాన్న మైకు పట్టుకుని నిలబడ్డాడు. పక్కనున్న వాళ్ళెవరో అది తీసుకుని, భోజనాలకు లేవండి అన్నారు.

నేను తినలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపబోయింది. “పోయినోళ్ళ ముచ్చట, పదిమందిల వద్దు బిడ్డా” అంది. విడిపించుకుని బయటికి వచ్చాను. రేష్మా అప్పటికే గేటు దాటింది. పరిగెత్తి కలుసుకున్నాను. ఇద్దరం ఆటోల దాకా నడిచాం. నా ఊపిరి ఇంకా సర్దుకోలేదు. ఆమె నావైపు చూసింది.

“దిల్ హల్కా హువా క్యా?” అని అడిగింది. గుండె తేలికైందా అని.

“కాలేదు” అన్నాను.

“అచ్ఛా హై” అంది రేష్మా, ఆటో ఆపుతూ. “రహ్నే దో.” మంచిదే, అట్లాగే ఉండనీ అని.